ఇంజనులో కార్బను పేరుకుపోవడం

కారు ఇంజనులో ఇంధనం, కందెన నూనె పూర్తిగా దహనం కాక మిగిలిపోయి లోపలి లోహ భాగాల మీద నల్లని పొరగా గట్టిపడటాన్ని కార్బను పేరుకుపోవడం అంటారు. మెకానిక్కుల వాడుకలో దీనిని "కార్బన్ పట్టడం" అని, ఆ పొరను తొలగించే పనిని "డీకార్బనైజింగ్" అని వ్యవహరిస్తారు. ఇది అంతర్దహన యంత్రాలన్నింటిలోనూ ఎంతో కొంత సహజంగా జరిగే ప్రక్రియ. పలుచని పొర వలన పెద్దగా నష్టం ఉండదు. మితిమీరినప్పుడు మాత్రం ఇంజను శక్తి తగ్గుతుంది, ఇంధన వ్యయం పెరుగుతుంది, పొగలో హానికర వాయువులు ఎక్కువవుతాయి. ఒక్కొక్కసారి ఇంజను భాగాలు శాశ్వతంగా దెబ్బతింటాయి.

ఈ పొర ఎక్కడ ఏర్పడింది, దేని నుండి ఏర్పడింది అన్నదాని మీద దానిని తొలగించే పద్ధతి ఆధారపడి ఉంటుంది. ఈ తేడా తెలియకపోవడం వలన అనేకమంది వాహన యజమానులు అవసరం లేని చికిత్సలకు డబ్బు ఖర్చు చేయడం, అవసరమైన చికిత్సను వాయిదా వేయడం జరుగుతున్నది.

పదార్థ స్వభావం

పేరులో కార్బను అని ఉన్నప్పటికీ ఇది శుద్ధమైన కార్బను కాదు. ఇందులో కార్బనుతో పాటు హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన బరువైన కర్బన సమ్మేళనాలు ఉంటాయి. ఇంజను నూనెలో కలిపే రసాయనాల నుండి వచ్చిన కాల్షియం, జింకు, భాస్వరం వంటి మూలకాలు కూడా కొద్ది మోతాదులో కనిపిస్తాయి. ఉష్ణోగ్రతను బట్టి ఈ పొర స్వరూపం మారుతుంది. తక్కువ వేడి ఉన్న చోట జిగటగా, తారు వలె ఉంటుంది. మధ్యస్థంగా వేడెక్కే చోట వార్నిష్ పూసినట్లు గోధుమ రంగులో మెరుస్తుంది. ఎక్కువ వేడి తగిలే చోట బొగ్గు పెచ్చువలె గట్టిగా, పెళుసుగా ఉంటుంది.

వంటింటి ఉదాహరణతో ఈ తేడాను సులభంగా గ్రహించవచ్చు. కిరసనాయిలు లాంతరు వత్తిని బాగా పైకి ఎత్తితే గాలి చాలక చిమ్నీకి మసి పడుతుంది. ఇది పొడిగా ఉంటుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. బూరెలు, గారెలు వండే బాణలి అంచున కారిన నూనె మాత్రం పలుమార్లు కాగి, మాడి, లోహానికి అంటుకుపోతుంది. దానిని గీకితే గాని వదలదు. ఇంజనులో ఈ రెండు రకాల మసీ ఏర్పడుతుంది. మొదటిది ప్రధానంగా ఇంధనం నుండి, రెండవది ప్రధానంగా నూనె నుండి వస్తుంది.

దహనం అసంపూర్ణం కావడానికి కారణం

పెట్రోలు అనేక హైడ్రోకార్బనుల మిశ్రమం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ నిష్పత్తిలో గాలి, ఇంధనం బాగా కలిసి మండితే ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వెలువడతాయి. వాస్తవంలో సిలిండరు లోపల ఈ మిశ్రమం అన్నిచోట్లా ఒకే విధంగా ఉండదు.

మండే వాయువు ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటినా, సిలిండరు గోడలను, హెడ్డును శీతలీకరణ ద్రవం చల్లబరుస్తూ ఉంటుంది. మంట ఆ చల్లని గోడను సమీపించగానే ఆరిపోతుంది. అందువలన గోడను ఆనుకొని ఒక పలుచని వాయు పొర మండకుండా మిగిలిపోతుంది. ఇంధనంలోని బరువైన అణువులు అక్కడ ద్రవంగా మారి, తరువాతి దహనాల వేడికి ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టిపడతాయి. ఇదే దహన గదిలోని పొరకు మూలం.

ఈ పొర అంతులేకుండా పెరగదు. కార్బను ఉష్ణాన్ని సరిగా ప్రసరింపనీయదు కాబట్టి పొర మందం పెరిగే కొద్దీ దాని పైభాగం వేడెక్కుతుంది. కొంత వేడికి చేరిన తరువాత కొత్త పదార్థం అంటుకోవడం తగ్గి, అంటుకున్నది కాలిపోవడం మొదలవుతుంది. ఈ కారణంగానే కొత్త కారులో మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో పొర వేగంగా పెరిగి, ఆపైన దాదాపు స్థిరపడుతుంది.

పేరుకొనే స్థానాలు

* దహన గది, పిస్టను పైభాగం: ఇక్కడి పొర ప్రధానంగా ఇంధనం వలన ఏర్పడుతుంది. పిస్టను రింగుల గుండా పైకి వచ్చే నూనె దీనికి తోడవుతుంది.
* స్పార్కు ప్లగ్గు: ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కితే దానిమీది మసి దానంతట అదే కాలిపోతుంది. ఇంజను తగినంత వేడెక్కకపోతే మసి నిలిచిపోయి, విద్యుత్తు ఆ మసి గుండా ప్రవహించి, నిప్పురవ్వ బలహీనపడుతుంది.
* ఇన్‌టేక్ వాల్వు వెనుక భాగం: గాలి లోపలికి వచ్చే దారిలో ఉండే ఈ వాల్వు (కవాటం) మీద నూనె ఆవిరి, వెనుకకు మళ్ళిన పొగ కలిసి పెచ్చులు కడతాయి.
* ఇంజెక్టరు కొన: ఇంధనం చిమ్మే సన్నని రంధ్రాల వద్ద మిగిలిన చుక్కలు ఆవిరై మడ్డి గట్టిపడుతుంది. ఇంజను ఆపిన వెంటనే ప్రవాహం ఆగి, వేడి మాత్రం నిలిచి ఉండే కొద్ది నిమిషాలలో ఇది ఎక్కువగా జరుగుతుంది.
* పిస్టను రింగుల గాడులు: ఇక్కడ నూనె మాడితే రింగులు కదలిక కోల్పోతాయి. అప్పుడు నూనె పైకి, వాయువులు క్రిందికి జారతాయి.
* థ్రాటిల్ బాడీ, ఇ.జి.ఆర్. వాల్వు: ఇక్కడ జిగట మసి చేరి కదిలే భాగాలు పట్టేస్తాయి.

చారిత్రక నేపథ్యం

మోటారు వాహనాల తొలి దశాబ్దాలలో సిలిండరు హెడ్డును విప్పి కార్బనును గీకివేయడం యజమానులు క్రమం తప్పక చేయించవలసిన పనులలో ఒకటి. అప్పటి ఇంధనం, నూనె నాసిరకంగా ఉండటం, కార్బురేటరు గాలి-ఇంధన నిష్పత్తిని కచ్చితంగా నియంత్రించలేకపోవడం ఇందుకు కారణాలు. రెండు స్ట్రోకుల స్కూటర్లలో నూనెను పెట్రోలులోనే కలిపి మండిస్తారు గనుక సైలెన్సరు, ఎగ్జాస్టు రంధ్రం మసితో పూడుకొనిపోయేవి. సైలెన్సరును విప్పి వేడిచేసి మసిని రాల్చడం ఆ కాలపు మెకానిక్కులకు నిత్యకృత్యం.

ఇంజనులో "నాకింగ్" అనే టకటక శబ్దాన్ని నివారించడానికి టెట్రా ఇథైల్ లెడ్ పనికివస్తుందని 1921లో జనరల్ మోటార్స్ సంస్థలో పనిచేస్తున్న థామస్ మిడ్‌గ్లీ కనుగొన్నాడు. 1923 నుండి సీసం కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఈ సీసం మండిన తరువాత సీసపు ఆక్సైడులుగా దహన గదిలోనే పేరుకొనేది. దానిని బయటికి పంపడానికి ఇథిలీన్ డైబ్రోమైడు అనే పదార్థాన్ని కలపవలసి వచ్చింది. ఫలితంగా సీసం ఇంజను నుండి గాలిలోకి చేరి ప్రజల ఆరోగ్యానికి, ముఖ్యంగా పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేసింది. భారతదేశంలో 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసరహిత పెట్రోలు మాత్రమే అమ్మడం మొదలైంది. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా కార్లకు సీసం కలిపిన పెట్రోలు అమ్మకాన్ని నిలిపివేసింది.

1980వ దశకంలో కార్బురేటర్ల స్థానంలో ఇంజెక్టర్లు వ్యాపించగా, ఇంజెక్టర్ల రంధ్రాలు మూసుకుపోవడం, వాల్వుల మీద పెచ్చులు కట్టడం కొత్త సమస్యలుగా ముందుకు వచ్చాయి. దీనికి పరిష్కారంగా చమురు సంస్థలు పెట్రోలులో డిటర్జెంట్లు, అనగా లోహానికి మడ్డి అంటకుండా చేసే రసాయనాలు కలపసాగాయి. వాటి శక్తిని పరీక్షించడానికి 1985 నాటి బి.ఎమ్.డబ్ల్యు. 318ఐ కారును 10,000 మైళ్ళు (సుమారు 16,000 కిలోమీటర్లు) నడిపి, వాల్వుల మీది మసిని తూచే పద్ధతి ప్రామాణికమైంది. ఒక్కొక్క వాల్వుకు సగటున 100 మిల్లీగ్రాములు మించకుంటే ఆ పెట్రోలు ఉత్తీర్ణమైనట్లు. అమెరికాలో 1995 నుండి పెట్రోలులో డిటర్జెంటు తప్పనిసరి అయింది. 2004లో బి.ఎమ్.డబ్ల్యు., జనరల్ మోటార్స్, హోండా, టయోటా సంస్థలు కలిసి అంతకంటె కఠినమైన "టాప్ టియర్" ప్రమాణాన్ని ప్రవేశపెట్టాయి.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనులలో ప్రత్యేక సమస్య

సాధారణ ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజనులో ఇంజెక్టరు పెట్రోలును ఇన్‌టేక్ వాల్వు వెనుకనే చిమ్ముతుంది. డిటర్జెంటు కలిసిన పెట్రోలు ప్రతిసారీ వాల్వును తడిపి కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ (జి.డి.ఐ.) ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండరులోకి వెళుతుంది. సాధారణ ఇంజెక్టరులో పీడనం 3 లేక 4 బార్లు ఉంటే, ఇక్కడ అది 50 నుండి 350 బార్ల వరకు ఉండవచ్చు. దీని వలన ఇంధనం కచ్చితమైన మోతాదులో అందుతుంది, పొదుపు పెరుగుతుంది. కానీ వాల్వు వెనుక భాగానికి పెట్రోలు స్పర్శే ఉండదు. అక్కడ చేరిన నూనె ఆవిరిని కడిగే మార్గం లేదు.

ఈ నూనె ఆవిరి ఎక్కడిది అన్న ప్రశ్న కలుగుతుంది. సిలిండరులో పీడనం చెందిన వాయువులలో కొంత భాగం రింగులను దాటి క్రింద ఉన్న నూనె గదిలోకి జారుతుంది. దానిని వాతావరణంలోకి వదలకుండా తిరిగి ఇన్‌టేక్ గొట్టంలోకి పంపే ఏర్పాటును పి.సి.వి. అంటారు. వాయు కాలుష్యాన్ని తగ్గించడానికి 1960వ దశకం నుండి ఇది వ్యాప్తిలోకి వచ్చింది. ఆ వాయువుతో పాటు సన్నని నూనె తుంపరలు కూడా వెళతాయి. వాల్వు కాడను అంటిపెట్టుకొని ఉండే రబ్బరు సీలు అరిగితే అక్కడి నుండి కూడా నూనె కారుతుంది. ఈ తుంపరలు వేడి వాల్వు మీద పడి, పైన చెప్పిన బాణలి అంచువలె మాడి, పొర మీద పొరగా పెరుగుతాయి.

నాలుగు స్ట్రోకుల పెట్రోలు కారులో డైరెక్ట్ ఇంజెక్షన్ 1954 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్.లోనే ఉన్నది. ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఆధునిక రూపంలో దీనిని 1996లో జపానులో మిత్సుబిషి సంస్థ గాలంట్ కారుతో ప్రవేశపెట్టింది. సమస్యను గుర్తించిన కొన్ని సంస్థలు రెండు రకాల ఇంజెక్టర్లనూ ఒకే ఇంజనులో అమర్చాయి. టయోటా సంస్థ 2005లో తెచ్చిన డి-4ఎస్ విధానం ఇటువంటిది. ఇందులో కొంత పెట్రోలు వాల్వు వెనుక కూడా పడుతుంది కనుక అది శుభ్రంగా ఉంటుంది. భారతదేశంలో చిన్న టర్బో పెట్రోలు కార్లతో పాటు ఈ విధానం కూడా వ్యాపించింది. అయితే టర్బో ఇంజనులన్నీ డైరెక్ట్ ఇంజెక్షన్ కావు. తమ కారు ఏ రకానిదో యజమాని వాహన పుస్తకంలో చూసి తెలుసుకోవడం మేలు.

డీజిలు ఇంజనులలో

డీజిలు ఇంజనులో ఇంధనం చుక్కలుగా చిమ్మబడి మండుతుంది. చుక్క మధ్యభాగానికి ఆక్సిజన్ సరిగా అందక మసి ఏర్పడుతుంది. నైట్రోజన్ ఆక్సైడులను తగ్గించడానికి పొగలో కొంత భాగాన్ని ఇ.జి.ఆర్. వాల్వు ద్వారా తిరిగి ఇంజనులోకి పంపుతారు. ఈ పొగలోని పొడిమసి, పి.సి.వి. నుండి వచ్చే నూనె ఆవిరి కలిసి ఇన్‌టేక్ గొట్టంలో తారువంటి ముద్దగా మారుతాయి. కాలక్రమాన గాలి దారి ఇరుకవుతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణాలతో డీజిలు కార్లలో మసిని పట్టి ఉంచే వడపోత (డి.పి.ఎఫ్.) సాధారణమైంది. ఇందులో చేరిన మసిని సుమారు 600 డిగ్రీల వద్ద కాల్చివేస్తారు. ప్రతిరోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిపే కారులో ఆ వేడి రాక వడపోత నిండిపోతుంది. హెచ్చరిక దీపం వెలిగినప్పుడు వాహన పుస్తకంలో సూచించిన విధంగా కొంతసేపు రహదారి మీద నిలకడగా నడపాలి. దీపాన్ని నిర్లక్ష్యం చేస్తే వడపోతనే మార్చవలసి రావచ్చు, అది చాలా ఖరీదైన పని.

పెంచే పరిస్థితులు

* తక్కువ దూరపు ప్రయాణాలు: చల్లగా ఉన్న ఇంజనుకు ఎక్కువ పెట్రోలు అందుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కేలోగా ఆపివేస్తే మసి కాలదు, నూనెలో చేరిన పెట్రోలు, నీరు ఆవిరి కావు.
* ఎక్కువసేపు నిలిపి ఉంచి నడపడం: రద్దీలోను, ఏ.సి. కొరకును ఇంజనును గంటల తరబడి నిదానంగా నడిపితే దహన గది ఉష్ణోగ్రత తక్కువగా ఉంటుంది. కిలోమీటర్లు పెరగవు కాని నూనె పాతబడుతుంది.
* కల్తీ ఇంధనం: కిరసనాయిలు పెట్రోలు కంటె బరువైనది, సులభంగా ఆవిరి కాదు, దాని ఆక్టేన్ విలువ కూడా చాలా తక్కువ. అది కలిసిన పెట్రోలు నాకింగునూ మసినీ రెంటినీ పెంచుతుంది. చౌకధరల దుకాణాలకు ఇచ్చే కిరసనాయిలుకు నీలిరంగు కలపడానికి గల కారణాలలో ఈ కల్తీని అరికట్టడం ఒకటి.
* తగని నూనె: తయారీదారు సూచించిన ప్రమాణానికి చెందని నూనె త్వరగా ఆవిరవుతుంది లేదా త్వరగా మాడుతుంది.
* యాంత్రిక లోపాలు: మూసుకుపోయిన గాలి వడపోత, పాడైన ఆక్సిజన్ సెన్సారు, కారే ఇంజెక్టరు, అరిగిన రింగులు, పనిచేయని థర్మోస్టాట్ వంటివి.

చివరి అంశం ముఖ్యమైనది. కార్బను అనేక సందర్భాలలో రోగం కాదు, రోగలక్షణం. మూలకారణాన్ని సరిచేయకుండా మసిని మాత్రమే తొలగిస్తే కొద్ది కాలంలోనే అది మళ్ళీ చేరుతుంది.

దుష్ఫలితాలు

దహన గదిలో పొర పెరిగితే అక్కడి ఖాళీ స్థలం తగ్గి సంపీడన నిష్పత్తి పెరుగుతుంది. పొర వేడిని నిలుపుకొంటుంది కూడా. ఈ రెండు కారణాల వలన ఇంజను నాకింగుకు లోనవుతుంది. కొత్తగా ఉన్నప్పుడు సరిపోయిన ఆక్టేన్ కంటె ఎక్కువ ఆక్టేన్ అవసరమవుతుంది. నేటి కార్లలో నాకింగును గుర్తించే సెన్సారు నిప్పురవ్వను ఆలస్యం చేసి ఇంజనును కాపాడుతుంది. ఆ మేరకు శక్తి, మైలేజి తగ్గుతాయి.

కొన్నిసార్లు కార్బను ముక్క నిప్పు కణికవలె ఎర్రబడి, స్పార్కు రాకముందే మిశ్రమాన్ని మండిస్తుంది. పాత కార్బురేటరు కార్లలో తాళంచెవి త్రిప్పి ఆపిన తరువాత కూడా ఇంజను కొద్దిసేపు కొట్టుకుంటూ ఉండటానికి ఇదొక కారణం. ఇంజెక్టర్లు గల కార్లలో తాళం త్రిప్పగానే ఇంధనం ఆగిపోతుంది కనుక ఇది కనిపించదు. అయితే చిన్న టర్బో ఇంజనులలో తక్కువ వేగం వద్ద ఎక్కువ భారం పడినప్పుడు నూనె చుక్కలు, కార్బను రేణువుల వలన అకాల దహనం జరిగి పిస్టను పగిలే ప్రమాదం ఉన్నది. దీనిని నివారించే నూనెల కొరకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2018లో ఎస్.ఎన్. ప్లస్, 2020లో ఎస్.పి. అనే ప్రమాణాలను ప్రకటించింది.

వాల్వు వెనుక పెచ్చులు గాలి ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజనులలో అవి స్పాంజివలె పెట్రోలును పీల్చుకొని, ఉదయం చల్లని ఇంజనును త్రిప్పినప్పుడు కుదుపులు కలిగిస్తాయి. వాల్వు సరిగా మూసుకోకపోతే వేడి వాయువు ఆ సందు గుండా దూసుకుపోయి వాల్వు అంచును కాల్చివేస్తుంది.

నిర్ధారణ

ఉదయం స్టార్టు కావడంలో ఇబ్బంది, నిలిపి ఉంచినప్పుడు వణుకు, ఎత్తు ఎక్కేటప్పుడు టకటక శబ్దం, మైలేజి తగ్గడం వంటివి కార్బను లక్షణాలు. కాని ఇవే లక్షణాలు అరిగిన స్పార్కు ప్లగ్గు, పాడైన ఇగ్నిషన్ కాయిలు, మూసుకుపోయిన గాలి వడపోత వలన కూడా కలుగుతాయి. ఇవి తక్కువ ఖర్చుతో పరీక్షించదగినవి గనుక ముందుగా వీటిని చూడాలి. తరువాత ప్లగ్గు రంధ్రం లేక ఇన్‌టేక్ మార్గం గుండా బోరోస్కోప్ అనే సన్నని కెమెరాను పంపి లోపలి స్థితిని కళ్ళారా చూడవచ్చు. ఈ పరీక్ష లేకుండా "కార్బన్ పట్టింది" అని నిర్ధారించడం ఊహ మాత్రమే అవుతుంది.

తొలగించే పద్ధతులు

* ఇంధనంలో కలిపే రసాయనాలు: పాలీ ఈథర్ అమీన్ వంటి డిటర్జెంట్లు ఇంజెక్టర్లను, ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజనుల వాల్వులను శుభ్రపరచగలవు. దహన గదిలో కొంతవరకు పనిచేస్తాయి. కేవలం డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న ఇంజనులో ఇవి వాల్వు వెనుకకు చేరవు.
* ఇన్‌టేక్ మార్గంలో చిమ్మే ద్రావకాలు: మెత్తని పొరను కరిగిస్తాయి. గట్టిపడిన పెచ్చుల మీద ప్రభావం తక్కువ. పెద్ద ముక్కలు ఊడితే టర్బోకు, కెటలిటిక్ కన్వర్టరుకు హాని కలగవచ్చు.
* అక్రోటు చిప్పల పొడితో శుభ్రపరచడం: ఇన్‌టేక్ గొట్టాన్ని విప్పి, వాల్వు మూసి ఉన్న స్థితిలో అక్రోటు చిప్పల పొడిని గాలి పీడనంతో చిమ్ముతారు. ఆ పొడి కార్బనును రాల్చగలిగినంత గట్టిది, లోహాన్ని గీకనంత మెత్తనిది. డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వులకు ఇది నమ్మదగిన పద్ధతి.
* హెడ్డు దింపి శుభ్రపరచడం: వాల్వులు కాలినప్పుడు, రింగులు పట్టేసినప్పుడు తప్పనిసరి అయ్యే చివరి మార్గం.

నివారణ

సూచించిన ప్రమాణం గల నూనెను సకాలంలో మార్చడం అన్నిటికంటె ముఖ్యం. రద్దీలో ఎక్కువగా తిరిగే కార్లకు తయారీదారులు "కఠిన వాడుక" క్రింద తక్కువ గడువు సూచిస్తారు. కిలోమీటర్లు పూర్తికాకపోయినా నెలల గడువును పాటించాలి. వారానికి ఒకసారైనా ఇంజను పూర్తిగా వేడెక్కేలా అరగంట పాటు రహదారి మీద నిలకడగా నడపడం మేలు. నమ్మకమైన బంకులో ఇంధనం పోయించుకోవాలి. గాలి వడపోత, ప్లగ్గులను గడువు ప్రకారం మార్చాలి. నూనె మట్టం తగ్గుతూ ఉంటే పై నుండి పోసి ఊరుకోక, కారణం తెలుసుకోవాలి.

అపోహలు

* ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఇంజనును శుభ్రపరుస్తుంది: ఆక్టేన్ విలువ నాకింగును తట్టుకొనే శక్తిని మాత్రమే తెలుపుతుంది. శుభ్రపరిచేది అందులో కలిపిన డిటర్జెంటు. ఈ రెండూ వేరు వేరు.
* ప్రతి సర్వీసులోనూ డీకార్బనైజింగ్ అవసరం: ఇది నిజం కాదు. వాహన పుస్తకంలో లేని చికిత్సను పరీక్ష లేకుండా చేయించనవసరం లేదు.
* వేగంగా నడిపితే మసి అంతా కాలిపోతుంది: ప్లగ్గుల మీది, దహన గదిలోని పొర కొంత తగ్గవచ్చు. ఇన్‌టేక్ వాల్వు వెనుక గట్టిపడిన పెచ్చు సాధారణంగా అంత వేడెక్కదు కనుక కాలిపోదు.
* ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ సమస్య తీరిపోతుంది: ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ఉన్నందున అది తక్కువ మసితో మండుతుంది. కాని నూనె నుండి ఏర్పడే వాల్వు పెచ్చులను డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనులో అది కూడా తాకలేదు.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* పెట్రోలు
* ఆక్టేన్ సంఖ్య
* కార్బురేటరు
* భారత్ స్టేజ్ ఉద్గార ప్రమాణాలు
* వాయు కాలుష్యం